ఫిబ్రవరి చివర్లో పులికాట్ వెళ్తే ఏముంటుంది? సగం ఎండిన సరస్సు దగ్గర పక్షుల్ని చూడటం గురించి

కోవూరు నుంచి ఒక టీచరమ్మ అడిగారు: "జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్‌కి పోదామనుకుంటే పాపకి జ్వరం వచ్చి ఆగిపోయాం. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం వెళ్దామంటే సూళ్లూరుపేటలో ఉన్న మా చుట్టాలు 'ఇప్పుడొచ్చి ఏం చూస్తారు, సరస్సు సగం ఎండిపోయింది, పక్షులు వెళ్లిపోయుంటాయి' అంటున్నారు. మాతో పదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా నాన్న వస్తారు. సొంత కారుంది. వెళ్లొచ్చా? వెళ్తే ముందు నేలపట్టు పక్షుల అభయారణ్యమా, పులికాట్ సరస్సా? బైనాక్యులర్ కొనాలా?"

వెళ్లండమ్మా. మీ చుట్టాలు చెప్పినదాంట్లో సగమే నిజం. సరస్సు సగం ఎండిన మాట వాస్తవం. పక్షులు వెళ్లిపోయాయన్నది కాదు. జనవరిలో పండగ జనం మధ్య నిలబడి దూరంగా గులాబీ రంగు చుక్కల్ని చూసి వచ్చేకంటే, ఫిబ్రవరి చివర్లో నిమ్మళంగా పోయి చూసేదే ఎక్కువ.

నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా చెరువు కట్టల మీద తిరగడం, తూములు చూడటం, కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఎంత పారుతోందో రాయడం నా ఉద్యోగం. పక్షులు ఆ పనిలోనే అలవాటయ్యాయి. అందుకే నేను పక్షుల సంగతి చెప్పినా మొదలు నీళ్ల దగ్గరే పెడతాను. కాస్త ఓపిక పట్టండి.

మన నెల్లూరు సీమకి అసలైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. కార్తీకంలో చెరువులు నిండుతాయి, కలుజులు పారతాయి. జనవరికి పులికాట్ ఎటు చూసినా నీళ్లే. అంత నీటిలో పక్షులు ఒకచోట ఉండాల్సిన అవసరం ఏముంది? కిలోమీటర్ల కొద్దీ చెదిరిపోతాయి. ఆ తర్వాత వాన ఉండదు, ఎండ ముదురుతుంది, సరస్సు ఉత్తర భాగం మెల్లగా తీస్తుంది. పులికాట్ విస్తీర్ణంలో మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు, కానీ లోతు సగటున ఒక మీటరే. పళ్లెంలో నీళ్లు పోసినట్టు ఉంటుందన్నమాట. పళ్లెంలో నీళ్లు కాస్త తగ్గితే అంచు ఎంత లోపలికి పోతుందో మీకు తెలుసు. ఇక్కడా అంతే, జానెడు నీళ్లు తగ్గితే ఫర్లాంగుల కొద్దీ బురద బయటపడుతుంది.

పక్షులకు కావలసింది ఆ అంచే. లోతు నీళ్లలో వాటిలో చాలావాటికి కాళ్లు ఆనవు. నడిసరస్సు ఖాళీగా కనిపిస్తుంది, ఎండిన నేలా ఖాళీగానే ఉంటుంది, ఆ రెండూ కలిసే గీత దగ్గర మాత్రం జాతర. దాంట్లోనూ ఒక వరస ఉంటుంది. తడి బురద మీద పిడికెడంత ఉల్లంకి పిట్టలు పరుగులు పెడుతుంటాయి. చీలమండ లోతులో పొడుగు ముక్కు గాడ్విట్లు, ఎర్రటి సన్న కాళ్ల స్టిల్ట్‌లు. మోకాలి లోతులో కొంగలు, వాటికి అవతల రాజహంసలు, అంటే మీరనే ఫ్లెమింగోలు. ఇంకా లోపల ఈదే బాతులు. ఎవరి కాలి పొడవు ఎంతో వాళ్ల చోటు అంత దూరంలో. పైగా నీళ్లు తీసేటప్పుడు గుంటల్లో చేపలు ఇరుక్కుపోతాయి. గూడబాతులకీ, అంటే పెలికాన్లకీ, కొంగలకీ అది పెళ్లి భోజనం.

కాబట్టి అక్కడికి వెళ్లాక "పక్షులెక్కడ" అని వెతక్కండి. "నీటి అంచు ఎక్కడుంది" అని చూడండి. నేను నేర్చుకున్న కిటుకు ఇదొక్కటే.

ఇది ఇంకో దేశంలో ఇంకో రూపంలో చూశాను కాబట్టి చెబుతున్నా. మా అమ్మాయి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్‌లో ఉంటుంది. ఊరి పక్కనే మెండోటా అని పెద్ద సరస్సు. ఓసారి మార్చి నెలలో నేనూ మా ఇంటావిడా అక్కడున్నాం. అక్కడి లెక్కలో అది వసంతం మొదలు, నా లెక్కలో మాత్రం చావు చలి. సరస్సు ముప్పాతిక భాగం తెల్లగా గడ్డకట్టి ఉంది. యాహారా అనే నది వచ్చి కలిసేచోట ప్రవాహం ఉంటుంది కదా, అక్కడ మాత్రం మంచు కరిగి కొంత నీరు తెరుచుకుంది. చలికాలమంతా దక్షిణాన గడిపి ఉత్తరానికి పోయే బాతులన్నీ ఆ కాస్త నీటిలో కిక్కిరిసి ఉన్నాయి. మన బొల్లికోడికి దగ్గరి చుట్టమైన నల్లకోడి ఒకటుంది అక్కడ, అవి గుంపుగా నల్లటి చాపలాగా తేలుతున్నాయి. మంచు అంచు మీద తెల్లతల గద్ద ఒకటి బండరాయిలాగా కూర్చుని వాటినే చూస్తోంది. దూరంగా తెల్లటి హంసలు మంచు మీదే ముడుచుకుని పడుకున్నాయి, అవి ఇంకా ఉత్తరాన టండ్రా దాకా పోవాలట. నాకు వెంటనే పులికాట్ మధ్యలో శ్రీహరికోట రోడ్డు మీదుండే అటకానితిప్ప గుర్తొచ్చింది. మనకి ఎండ నీటిని లాగేస్తే వాళ్లకి చలి నీటిని మూసేస్తుంది. పక్షికి తేడా ఏముంది, మిగిలిన నీటి దగ్గర చేరడమే. ఇంకో మాట, ఆ సరస్సు ఏ ఏడు ఏ రోజు గడ్డకట్టిందో, ఏ రోజు కరిగిందో అక్కడివాళ్లు 1850ల నుంచీ రాసి పెట్టుకున్నారు. చెరువు మట్టం రిజిస్టరు రాసిన చెయ్యి కదా, నాకు ఆ సరస్సు కంటే ఆ లెక్క మీదే ముచ్చటేసింది.

ఇక "పక్షులు వెళ్లిపోయుంటాయి" అన్న అనుమానం. శివరాత్రికి మనకి చలి శివశివా అంటూ పోతుంది గానీ, వలస పక్షుల సొంతూళ్లలో అప్పటికి ఇంకా తలుపులు తెరుచుకోవు. తల మీద రెండు నల్లటి అడ్డపట్టీలుండే బూడిదరంగు బాతు ఒకటి వస్తుంది మనకి, బార్‌హెడెడ్ గూస్ అంటారు. హిమాలయాలు దాటి వచ్చే పక్షి, ఏడువేల మీటర్లకు పైన ఎగురుతుండగా నమోదైంది. టిబెట్‌లో, మంగోలియాలో, మన లడఖ్‌లోని త్సో మొరీరి లాంటి సరస్సుల దగ్గర గుడ్లు పెడుతుంది. త్సో మొరీరి నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది, చలికాలం గడ్డకట్టి ఉంటుంది. ఫిబ్రవరిలో అక్కడికి పోయి అది చేసేదేముంది? సూదితోక బాతులు, పారమూతి షోవెలర్లు కూడా అంతే, మార్చిలో గుంపులు గుంపులుగా కదులుతాయి. పగలు పొడుగవుతున్నకొద్దీ వాటి ఒంట్లో ప్రయాణపు కంగారు మొదలవుతుంది, మేత కూడా గట్టిగా తింటాయి. అంటే మీరు వెళ్లేసరికి అవి తిండి యావలో ఉంటాయి. చూడటానికి అదే మంచి సమయం.

రాజహంసల సంగతి వేరు. అవి చలికి భయపడి వచ్చేవి కావు, నీటిని బట్టి తిరిగేవి. గుడ్లు పెట్టడానికి గుజరాత్‌లోని కచ్ రణ్‌కి పోతాయి, మిగతా కాలం ఎక్కడ ఉప్పునీరు, ఎక్కడ పాదం లోతు బురద ఉంటే అక్కడ. నీళ్లున్నంతవరకూ మార్చిలోనూ ఏప్రిల్‌లోనూ కనిపిస్తాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ముందు ఏది? అందరూ నెల్లూరు నుంచి పోతూ దారిలో ముందు తగులుతుంది కదా అని నేలపట్టులో ఆగిపోతారు. అక్కడ తొమ్మిదయిపోతుంది, టిఫిను, తర్వాత పులికాట్‌కి చేరేసరికి పదిన్నర. అప్పటికి సరస్సు మీద ఎండమావులు లేస్తాయి. రాజహంసలు గాలిలో కరిగిపోతున్న మైనపు బొమ్మల్లా కనిపిస్తాయి, కాళ్లేవో నీడలేవో తెలియదు. లక్ష రూపాయల టెలిస్కోపు తెచ్చినా ఆ గాలి ముందు దండగే. మీరు తిరగేసి చెయ్యండి. తెల్లవారేసరికి పులికాట్, ఎండెక్కాక నేలపట్టు.

కోవూరులో నాలుగింటికి బయల్దేరితే పెన్న దాటి, నెల్లూరు దాటి, గూడూరు, నాయుడుపేట మీదుగా హైవేలో ఆరు, ఆరుంబావుకల్లా సూళ్లూరుపేటలో ఉంటారు. సుమారు నూట పది కిలోమీటర్లు. సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది, మీ నాన్నగారికి దర్శనం కావాలంటే తిరిగి వచ్చేటప్పుడు పెట్టుకోండి. పొద్దున్నే వద్దు. అమ్మవారు ఎక్కడికీ పోదు గానీ ఆ వెలుతురు పోతుంది. (కాగితం మీద ఇదంతా 2022 నుంచి తిరుపతి జిల్లా. మావాళ్లెవరూ నోటితో అలా అనగా నేను వినలేదు.)

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పడమర నుంచి తూర్పుకి సరస్సు మధ్యలోంచి పోతుంది. పోయేటప్పుడు ఎడమ చెయ్యి ఉత్తరం. మన బండి ఆగేది ఎడమ పక్కనే కాబట్టి పాప రోడ్డు దాటే పని లేదు, మీ నాన్నగారు కూర్చున్నచోట నుంచే అద్దం దించి చూడొచ్చు. ఆ నెలల్లో సూర్యుడు దక్షిణం వాలుగా నడుస్తాడు, అందుకని ఉత్తరం వైపు, ఇంకా బాగా కావాలంటే వాయవ్యం వైపు చూస్తే ఎండ మీ వీపు మీద పడి పక్షుల రంగులు తేటగా కనిపిస్తాయి. దక్షిణం వైపు చూస్తే అన్నీ నల్లటి ఆకారాలే. ఫొటోలు బాగా రాలేదని ఏడ్చేవాళ్లలో సగంమంది ఈ ఒక్క ముక్క తెలియక ఏడుస్తారు.

ఇంకో సంగతి, కారు దిగొద్దు. నిజంగానే చెబుతున్నా. ఆ రోడ్డు పక్క పక్షులకి బండ్లు అలవాటు, మనిషి రెండు కాళ్ల మీద నిలబడితేనే జడుపు. ఇంజిన్ ఆపి, పాట ఆపి, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ లేనట్టుంటుంది. తర్వాత బురద కదలడం మొదలవుతుంది. మట్టి రంగులో కలిసిపోయిన ఉల్లంకులు ఒక్కొక్కటిగా బయటపడతాయి. మామూలు రోజుల్లో పొద్దున షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగుల బస్సులు బారులు తీరతాయి, ఆదివారం కాబట్టి మీకు ఆ టెన్షన్ తక్కువ. అయినా మార్జిన్ వెడల్పుగా ఉన్నచోటే ఆపండి. షార్ గేటు దాటి మామూలు జనాన్ని వదలరు, అక్కడ తిరగేసుకుని రావడమే.

రాజహంస దొరికిందా అంటే దాన్ని ఊరికే చూసి "అబ్బ ఎంత బాగుందో" అని వదిలెయ్యొద్దు, ఏం చేస్తోందో చూపించండి పాపకి. తల తలకిందులు చేసి నీళ్లలో పెడుతుంది. వంకర ముక్కు అప్పుడు జల్లెడలాగా పనిచేస్తుంది, నాలుకతో నీటిని లాగి వదులుతూ సన్నటి రొయ్య పురుగుల్నీ నాచునీ పట్టుకుంటుంది. ఆ తిండిలోని రంగు పదార్థాల వల్లనే దానికి గులాబీ రంగు. పిల్లలు బూడిద, గోధుమ కలిసిన మాసిన రంగులో ఉంటాయి, చాలామంది వాటిని వేరే పక్షి అనుకుంటారు. ఒక్కోసారి ఒకేచోట నిలబడి కాళ్లతో బురదని తొక్కుతూ గుండ్రంగా తిరుగుతుంది, వరి మళ్లో అడుసు తొక్కినట్టు. లోపలి పురుగులు పైకి రావడానికి ఆ తొక్కుడు. గుంపు గోల వినండి, బాతుల కొష్టం పక్కన నిలబడ్డట్టుంటుంది. అంత అందగత్తెకి ఆ గొంతేమిటో.

ఎర్రకాళ్ల కొంగని చూసి ఫ్లెమింగో అనేవాళ్లు మీ బండి పక్కనే ఉంటారు, ఖాయం. అసలు పేరు పెయింటెడ్ స్టార్క్. ముక్కు పసుపు, పొడుగు, చివర కాస్త కిందికి వంగుతుంది. తల బోడిగా నారింజ రంగులో, రెక్కల చివర గులాబీ పూత ఉంటుంది. ఆ గులాబీ చూసే మోసపోతారు. రాజహంస ముక్కు పొట్టి, మధ్యలో విరిగినట్టు వంపు, కొస నలుపు. పెద్దగా కష్టం లేదు, ముక్కు చూస్తే చాలు. ఇంకోటి, సముద్రపు కాకుల్లో గోధుమతల గల్ ఉంటుంది. చలికాలంలో దాని తల తెల్లగా, కంటి వెనక చిన్న మసి మరక మాత్రమే ఉంటుంది. ఫిబ్రవరి చివరికి ఒకటి అరా తలకి గోధుమరంగు ముసుగు వేసుకోవడం మొదలుపెడతాయి. మా దగ్గర వసంతం వచ్చిందని నాకు మామిడి పూతకంటే ముందు ఆ ముసుగే చెబుతుంది. సగం ముసుగేసుకున్నది కనిపిస్తే పాపకి చూపించండి. చెరువు గట్ల మీది గుడ్డి కొంగ కూడా మాసిన బట్టలు విప్పి పెళ్లిబట్టలు కట్టుకునే రోజులు దగ్గరపడుతుంటాయి.

పాపకి ఒక పని పెట్టండి, లేకపోతే అరగంటకి ఫోన్ అడుగుతుంది. లెక్క పని. గుంపులో ఒక్కొక్కటీ లెక్కపెట్టొద్దు. ఒక అంచున పది లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కళ్లతో కొలుచుకుని, అలాంటి ముక్కలు ఎన్ని పడతాయో చూడమనండి. పెద్దవాళ్లం జనవరిలో నీటి పక్షుల గణనకి వాడేదీ ఈ పద్ధతే. ఆ గణన ఆసియా అంతటా 1987 నుంచీ జరుగుతోంది. ఈబర్డ్ అనే యాప్‌లో ఆ లెక్క ఎక్కిస్తే ఆ పిల్ల రాసిన అంకె కూడా శాస్త్రజ్ఞుల చేతికి వెళ్తుంది. గుర్తుపట్టడానికి మెర్లిన్ అని ఇంకో యాప్ ఉంది, రెండూ ఉచితమే. సూళ్లూరుపేట దాటకముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన మాట. ఎండిన భాగం చూడటానికి తెల్లగా, గట్టిగా, క్రికెట్ ఆడుకోవచ్చన్నట్టు ఉంటుంది. ఉప్పు పేరుకున్న పర్ర అది. పైన అంగుళం మందాన ఎండిన పెచ్చు, కింద జిగట బురద. చాలా ఏళ్ల కిందట, నాకు ఇంకా బుద్ధి రానప్పుడు, రాజహంసలకి ఇంకొంచెం దగ్గరగా పోదామని నడిచాను. ఇరవై అడుగులు బాగానే ఉంది. ఇరవై ఒకటో అడుగుకి మోకాలి దాకా దిగింది. కాలు లాగితే కాలు వచ్చింది, చెప్పు రాలేదు. రెండో కాలి మీద బరువు వేస్తే అదీ దిగింది. కెమెరా స్టాండు ఊతంగా పెడితే అది మూరెడు లోపలికి పోయింది. చివరికి బోర్లా పడి, పాకుతూ బయటికొచ్చాను. రొయ్యలకి పోతున్న ఒకాయన గట్టు మీద నిలబడి "ఏం సామీ, పక్షి దొరికిందా?" అన్నాడు. ఆ చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. పక్షులు, చెప్పక్కర్లేదు, నేను పదో అడుగు వేసినప్పుడే లేచి వెళ్లిపోయాయి.

మాడిసన్‌లో ఆ గడ్డకట్టిన సరస్సు ఒడ్డున కూడా నా కాలు ఊరుకోలేదు, ఒక అడుగు మంచు మీద పెట్టబోయాను. మా అమ్మాయి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. వసంతం మొదలయ్యాక మంచు పైకి గట్టిగా కనిపించినా లోపల గుల్లబారి ఉంటుందట, ముఖ్యంగా నీరు కదిలేచోట. "పులికాట్‌లో చెప్పులు పోయాయి చాలదా నాన్నా" అంది. ఆ కథ ఇంట్లో అందరికీ నేనే చెప్పుకున్నాను మరి.

పాప చెయ్యి వదలొద్దు అని చెప్పడానికే ఇదంతా.

ఎనిమిదిన్నర, తొమ్మిదికి పులికాట్ ముగించి సూళ్లూరుపేటలో టిఫిన్ చేసి నేలపట్టుకి రండి. హైవే మీద నెల్లూరు వైపు వెనక్కి వస్తే దొరవారిసత్రం దగ్గర మలుపు. పది గంటలకి పక్షులుంటాయా అంటారేమో. ఇది గూళ్ల చోటమ్మా, పిల్లల్ని వదిలి ఎక్కడికి పోతాయి? చెరువు నీళ్లలో కడప చెట్లు నిలబడి ఉంటాయి, వాటి మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వానలతో పాటు మొదలుపెట్టి మార్చి దాటేదాకా ఇక్కడే సంసారం. మీరు వెళ్లేనాటికి పిల్లలు తల్లులంత ఎదిగి, కొన్ని రెక్కలు ఆడిస్తూ, కొన్ని ఎగరడం నేర్చుకుంటూ ఉంటాయి. పిల్ల తల మొత్తం తల్లి సంచిలోకి దూర్చి చేప తీసుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లి పిల్లని మింగేస్తోందనుకుని నేను భయపడ్డాను. ఆ చేపలు చాలావరకు తెచ్చేది పొద్దున మీరు చూసి వచ్చిన పులికాట్ నుంచే.

పదింటి ప్రాంతంలో నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. గూడబాతు బరువైన పక్షి, ఊరికే రెక్కలు కొట్టుకోదు, ఆ వేడి గాలి మీద ఎక్కి చుట్లు తిరుగుతూ ఆకాశంలోకి పోతుంది. ముప్పై నలభై కలిసి ఒకే సుడిలో మెల్లగా పైకి తేలడం పొద్దున్నే వచ్చి వెళ్లినవాళ్లకి దొరకని దృశ్యం. ఎర్రకాళ్ల కొంగలూ, నత్తగుల్ల కొంగలూ కూడా చేరతాయి. నత్తగుల్ల కొంగ ముక్కు పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందు ఉంటుంది. నత్తని పట్టడానికి ఆ ఏర్పాటు. కింద నీళ్లలో వాటి రెట్ట కలిసి పచ్చగా ఉంటుంది, వాసన కూడా వస్తుంది. ఆ నీరు పారితే మడికి యూరియా తగ్గించుకోవచ్చని చుట్టుపక్కల రైతులు చెబుతారు. వాళ్లు ఆ పక్షుల జోలికి పోకపోవడానికి భక్తి ఒక్కటే కారణం కాదన్నమాట.

మీ నాన్నగారికి నేలపట్టే బాగుంటుంది. కట్ట మీద చెట్ల నీడ ఉంది, దారి చదునుగా ఉంటుంది, అక్కడక్కడా కూర్చోవచ్చు. వాచ్‌టవర్ ఎక్కాల్సిన పనిలేదు, కట్ట మీద నుంచే గూళ్లు బాగా కనిపిస్తాయి. ఒక మడత కుర్చీ కారులో పడేసుకోండి.

బైనాక్యులర్ గురించి. కొంటే 8×42 కొనండి. ముందు అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. షాపువాడు ఇరవై రెట్లు, జూమ్ అని ఊరిస్తాడు. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, మీ నాన్నగారి చేతిలో అసలు నిలవదు. ఒక్కరోజు కోసం కొనడం ఇష్టం లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, లేదా నేలపట్టుకి ఉత్త కళ్లే చాలు. పులికాట్‌కి మాత్రం ఉంటే మంచిది. అద్దాలున్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పు లోపలికి మడిచి చూడాలి, ఇది ఎవరూ చెప్పరు.

మర్యాదలు ఎక్కువేం లేవు. గుంపు మొత్తం ఒక్కసారి తల ఎత్తి మిమ్మల్ని చూసిందంటే మీరు దగ్గరికొచ్చేశారని అర్థం, అక్కడే ఆగండి. ఎగిరితే ఫొటో బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్లని, రాయి విసిరేవాళ్లని చూశాను. ఒకాయనైతే డ్రోన్ తీశాడు, అభయారణ్యం పక్కన, అదీ రాకెట్ కేంద్రం ముందు! నేను చెబితే వినలేదు గానీ సెక్యూరిటీ వాళ్లు చెబితే విన్నాడు. ప్రయాణానికి ముందు ఒళ్లు చేసుకుంటున్న పక్షిని ఊరికే ఎగరగొడితే అది తిన్నది అక్కడే ఖర్చయిపోతుంది. భీమునివారిపాలెంలో పడవ ఎక్కితే గుంపులోకి పోనివ్వొద్దని పడవాయనకి ముందే చెప్పండి. చెప్పకపోతే మీ సంతోషం కోసం ఆయనే పోనిస్తాడు, ఆయన తప్పు కాదది.

ఏ కారణంచేతనైనా ఆ వారం అంత దూరం కుదరకపోతే దిగులు పడకండి. మీ కోవూరు చుట్టూ వరి కోతలు మొదలయ్యే రోజులవి. కోత మిషన్ వెనక తెల్లకొంగలు కూలీల్లా వరసగా నడుస్తాయి, మిషన్ లేపిన మిడతల కోసం. కోసిన మడి మీద నేలబారుగా ఊగుతూ ఎగిరే పిల్లిగద్ద కనిపిస్తే అదీ వలస వచ్చిందే. బుచ్చిరెడ్డిపాళెం పక్కన కనిగిరి రిజర్వాయర్ కట్ట మీద సాయంత్రం ఒక గంట కూర్చున్నా నీటికాకులు, బాతులు కనిపిస్తాయి.

వెళ్లే వారంలో షార్‌లో రాకెట్ ప్రయోగం ఉందేమో ఒకసారి చూసుకోండి, ఉంటే ఆ రోడ్డులో ఆంక్షలు, జనం, రెండూ ఉంటాయి. నీళ్ల సీసాలు, టోపీలు మీకు చెప్పక్కర్లేదు. డిక్కీలో మాత్రం పాత చెప్పులు ఒక జత ఎక్కువ వేసుకోండి.